ఫోర్ బై ఫోర్ బండిలో ఒక భాగం మారిస్తే భారం ఎటు పోతుంది?

ఫోర్ బై ఫోర్ బండి కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది మొదట అడిగేది టైర్ల గురించే. "కాస్త పెద్దవి వేస్తే ఏమవుతుంది?" అని. ప్రశ్న చిన్నదే గానీ జవాబు టైరు దగ్గర ఆగదు. గేర్లకు, బ్రేకులకు, స్టీరింగుకు, చివరికి స్టెప్నీ వేలాడే వెనక తలుపు బందుల దాకా వెళ్తుంది. ఇంట్లో బండి పని చేసుకోవాలనుకునేవాళ్లు ముందు పట్టుకోవాల్సిన సంగతి ఇదే: ఒకచోట బలం పెంచితే అక్కడి భారం మాయమవదు, పక్క భాగం మీదికి జరుగుతుంది. ఎటు జరిగిందో తెలిస్తే దాన్ని చూసుకోవచ్చు. తెలియకపోతే అది ఏ రాళ్ల దారిలోనో, మనుషులు లేనిచోట బయటపడుతుంది.

టైరు లెక్కతోనే మొదలుపెడదాం. 235/75 ఆర్15 అని రాసి ఉంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం కలిపితే చక్రం ఎత్తు దాదాపు 29 అంగుళాలు వస్తుంది. దాని బదులు 32 అంగుళాలది వేశారనుకోండి. చక్రం మూడంగుళాలు పెరిగినా యాక్సిల్ లేచేది ఒకటిన్నర అంగుళమే, ఎందుకంటే యాక్సిల్ ఉండేది చక్రం మధ్యలో. ఆ ఒకటిన్నర అంగుళం విలువైనదే, కాదనను. యాక్సిల్ మధ్యలో గుండులా వేలాడే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, రాయికి తగలడానికీ తప్పించుకోవడానికీ మధ్య ఒక్కోసారి అంతే తేడా ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. చక్రం చుట్టుకొలత సుమారు 10 శాతం పెరిగింది. ఇంజిన్ అదే, గేర్లు అవే. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.10 ఉన్న (అంటే షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగే) బండి ఇప్పుడు 3.72 ఉన్న బండిలా నడుస్తుంది. నేలను తోసే బలం దాదాపు పదో వంతు తగ్గిపోయింది. రెండో గేరులో ఎక్కిన చడావు ఇప్పుడు ఒకటో గేరు అడుగుతుంది, క్లచ్ ఎక్కువసేపు నలుగుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66లో పోతుంటుంది. బ్రేకు డిస్కు మాత్రం పాతదే. అది ఆపాల్సిన చక్రం పెద్దదీ బరువైనదీ అయింది కాబట్టి పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కాలి. చక్రాల బేరింగులు, స్టీరింగు కీళ్లయిన బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు కూడా ముందుకంటే తొందరగా అరుగుతాయి.

పెద్ద టైర్లకు నేను వ్యతిరేకిని కాను, నా బండికీ ఉన్నాయి. కానీ ఒక్క సైజు పెంచి ఆగడం చాలామందికి సరిపోతుందని నా నమ్మకం. అంతకు మించి వెళ్లాలంటే డిఫరెన్షియల్ లోపలి గేర్ల జతను, అంటే క్రౌన్ పినియన్‌ను, మార్చాలి. పైన చెప్పిన బండికి 4.56 వేస్తే పాత లాగుడు తిరిగొస్తుంది. ఆ పని గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది ఇంట్లో చేసే పని కాదు.

బండి ఎత్తు పెంచితే ఏం జరుగుతుంది

బండిని ఎత్తుకు లేపే స్ప్రింగుల సెట్టును లిఫ్ట్ కిట్ అంటారు. దాని గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. రెండంగుళాల లిఫ్ట్ వేస్తే నేలకూ బండికీ మధ్య ఖాళీ రెండంగుళాలు పెరుగుతుందని అనుకుంటారు. ఛాసిస్, బంపర్, మెట్టు, వీటికి పెరుగుతుంది. ముందు ఎక్కే కోణం, వెనక దిగే కోణం, రెండు చక్రాల మధ్య గుట్ట దాటే కోణం, మూడూ మెరుగవుతాయి. కానీ సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం) ఉన్న బండిలో అన్నిటికంటే కింద ఉండేది డిఫరెన్షియల్, అది స్ప్రింగుల కింద ఉంటుంది. పొడవు స్ప్రింగులు వేసినా దాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా లేపలేవు. దాన్ని లేపేది టైరు ఒక్కటే.

లిఫ్ట్ వల్ల కోణాలు మారతాయి. అసలు ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే. గేరుబాక్సు వైపు నుంచి యాక్సిల్‌కు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు చివర్లలో ఉండే యూనివర్సల్ జాయింటును, అదే మెకానిక్కులు క్రాసు అనేదాన్ని, తీసుకోండి. ఆ జాయింటు వంగి తిరుగుతున్నప్పుడు ఇవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరిగినా అవతలిది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు ఎంత ఎక్కువైతే ఈ హెచ్చుతగ్గులు అంత ఎక్కువ. కంపెనీవాళ్లు షాఫ్టు రెండు చివర్లా ఒకే కోణం ఉండేలా బిగిస్తారు. అప్పుడు ఒక జాయింటు చేసిన హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. లిఫ్ట్ ఈ సమానత్వాన్ని చెడగొడుతుంది. బండి ఒక వేగం దాటాక సీటు కింద సన్నగా వణుకు మొదలైతే చాలామంది వీల్ బ్యాలెన్సింగ్ చేయించి, తగ్గక, మళ్లీ చేయిస్తారు. లిఫ్ట్ తర్వాతే ఆ వణుకు వచ్చిందంటే ముందు చూడాల్సింది షాఫ్టు కోణాలనే. ఫోన్‌లోని కోణం కొలిచే యాప్ పెట్టినా తేడా పట్టుకోవచ్చు.

ముందు యాక్సిల్ విషయంలో ఇంకొకటి. సాలిడ్ యాక్సిల్‌ను పక్కలకు కదలకుండా పట్టి ఉంచే ప్యానార్డ్ రాడ్ ఒక చివర ఛాసిస్‌కు, ఇంకో చివర యాక్సిల్‌కు బిగించి ఉంటుంది. బండి లేస్తే ఆ రాడ్ వాలు పెరిగి యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. ముందు నుంచి చూస్తే ఒకవైపు టైరు కాస్త ఎక్కువ బయటికి కనిపిస్తుంది. పొడవు సర్దుకునే రాడ్ వేస్తే ఇది పోతుంది. యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌లున్న బండిలో యాక్సిల్ కొద్దిగా ముందుకు తిరగడంతో క్యాస్టర్ కోణం, అంటే స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నిటారుకు రాకపోతే, నేరుగా వెళ్తుంటే అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు ఉంటే కారణం ఎక్కువసార్లు ఇదే. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండ్లలో అయితే భారం సీవీ జాయింట్ల మీద, అంటే చక్రాన్ని తిప్పే షాఫ్టు చివర్లలోని వంగే కీళ్ల మీద, పడుతుంది. అవి ఎప్పుడూ ఎక్కువ వంపులో తిరుగుతూ వేడెక్కుతాయి, రబ్బరు బూటు ముడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. చిరిగిన బూటులోకి ఒక్కసారి బురద పోయాక ఆ జాయింటు ఎక్కువ కాలం నిలవదు.

లిఫ్ట్ మీరే బిగించుకున్నా, ఎవరిచేతైనా బిగించుకున్నా ఇంట్లో ఒక పరీక్ష తప్పక చేయండి. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ బ్రేకు హోసులు చూడండి. ఎక్కడైనా తీగలా బిగుసుకుంటే హోసు పొట్టిదైపోయినట్టే. దాని అర్థం మొదటి పెద్ద గుంతలో బ్రేకు పోవచ్చని. ఏబీఎస్ వైర్లు, యాక్సిల్ లోపలికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం కూడా అప్పుడే చూసేయండి.

బిగించేటప్పుడు చాలామంది తెలియక చేసే తప్పు ఒకటుంది. యాక్సిల్‌నో చక్రాన్నో ఛాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల కీళ్లలోని బుష్‌లు రబ్బరువి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. బండి కిందికి దిగాక అది ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొద్ది కాలానికే చీలుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీదికి దించి, నాలుగుసార్లు ఊపి, ఆ తర్వాత టార్క్ రెంచ్‌తో బిగించాలి. కమాన్ పట్టీల బుష్‌లకూ ఇదే పద్ధతి.

గాలి తీయడం

ఇన్ని మార్పులకంటే ముందు చేయాల్సింది, కొత్త భాగం ఏదీ అక్కర్లేనిది ఒకటుంది. టైర్లలో గాలి తగ్గించడం. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉన్న టైరును రాళ్ల దారిలో 20 దాకా, ఇసుకలో 15-18 దాకా దించితే టైరు నేలను తాకే ముద్ర పొడవుగా సాగుతుంది. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడటం తగ్గుతుంది, రాయి మీద టైరు దాని ఆకారానికి ఒదుగుతుంది. పెద్ద టైర్లు వేసుకుని పూర్తి గాలితో వెళ్లిన బండి కూరుకుపోయినచోట కంపెనీ టైర్లతో గాలి తీసి వెళ్లిన బండి దాటడం చాలాసార్లు చూశాను. అయితే 15 కంటే కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం పెరుగుతుంది. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి పాడవుతుంది. అందుకే గాలి తీసే సాధనం కంటే మళ్లీ కొట్టుకునే చిన్న కంప్రెసరు ముఖ్యం. నన్నడిగితే మొదట కొనాల్సిన అప్‌గ్రేడ్ అదే.

ట్రాక్షన్ గురించి ఇక్కడే ఒక మాట. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమాన బలమే పంపుతుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందంటే దాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కర్లేదు, కాబట్టి రెండోదానికీ ఏమీ అందదు. లాకర్ రెండిటినీ కలిపి కట్టేస్తుంది కాబట్టి పట్టున్న చక్రానికే మొత్తం బలం వెళ్లగలదు. ఆ మొత్తం ఇప్పుడు ఆ చక్రానికి వెళ్లే ఒకే హాఫ్ షాఫ్టు మోయాలి. లాకరూ పెద్ద టైర్లూ కలిసిన బండిలో యాక్సెలరేటర్ ఒక్కసారిగా తొక్కితే షాఫ్టు తెగేది ఇందుకే.

నీళ్లు, ఆయిల్, గ్రీజు

నా మొదటి బండితో ఒక వాగు దాటాను. నీళ్లు చక్రం మధ్యదాకా కాస్త మించి ఉన్నాయంతే. ఏమీ కాలేదని సంతోషపడ్డాను. నెల తర్వాత వెనక డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు విప్పితే పాలు కలిపినట్టు తెల్లటి ఆయిల్ వచ్చింది. గేర్లు నెలపాటు నీళ్లలో తిరిగాయి. సీలు ఎక్కడా పోలేదు. మరి నీళ్లు ఎలా వెళ్లాయి?

యాక్సిల్ హౌసింగులో గాలి ఉంటుంది. బండి నడుస్తుంటే అది వేడెక్కి వ్యాకోచిస్తుంది, బ్రీదర్ అనే చిన్న రంధ్రం గుండా బయటికి పోతుంది. వేడిగా ఉన్న హౌసింగు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నింపడానికి బ్రీదర్ నుంచి, సీళ్ల అంచుల నుంచి నీళ్లను పీల్చుకుంటుంది. దీనికి మందు చాలా సులువు. బ్రీదర్‌కు ఆయిల్ తట్టుకునే గొట్టం తగిలించి, దాన్ని ఇంజిన్ బేలోకో వెనక లైటు పక్కకో ఎత్తుకు తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టర్ పెట్టాలి. గేరుబాక్సుకూ, బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ కూడా ఇలాగే. ఒక మధ్యాహ్నం పని. ఇంజిన్‌కు గాలి తెచ్చే స్నోర్కెల్ బిగించుకుని బ్రీదర్లను మరిచిపోయిన బండ్లు ఎన్నో ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. వాగుకు ముందు ఐదు పది నిమిషాలు బండి ఆపి చల్లారనివ్వడం కూడా పనికొస్తుంది.

స్నోర్కెల్ కూడా గాలి పైనుంచి తెచ్చే గొట్టమే. కింద ఎయిర్‌బాక్సు దాకా ఒక్క అతుకు వదులుగా ఉన్నా నీళ్లు అక్కడినుంచే ఇంజిన్‌లోకి పోతాయి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగించి, స్పార్క్ ప్లగ్గులు (డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో) విప్పి, నీళ్లు బయటికి నెట్టించాకే ఏదైనా.

ఆయిల్ మార్చేటప్పుడు మొదట పైనున్న ఫిల్లింగ్ బోల్టు విప్పండి. అది వచ్చాకే కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకోండి. పాత ఆయిల్ పోయాక పై బోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పేస్టు అంటుకుని ఉండటం మామూలే. గోరుకు తగిలే ముక్కలుంటే మామూలు కాదు. డబ్బా మీద గేరు ఆయిల్ రకం చెప్పే జీఎల్-4, జీఎల్-5 అంకెలు చదవండి. జీఎల్-5లో అధిక ఒత్తిడిని తట్టుకునే గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువ, పళ్లు ఒకదానిమీదొకటి జారుతూ కలిసే హైపాయిడ్ గేర్లున్న డిఫరెన్షియల్‌కు అవి అవసరం. అదే ఆయిల్ కొన్ని మాన్యువల్ గేరుబాక్సుల్లో గేరు సాఫీగా మారేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు హాని చేస్తుంది. రెండిటి మీదా 75డబ్ల్యూ-90 అనే రాసి ఉండొచ్చు కాబట్టి మందం చూసి మోసపోకండి, బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం ఏ గ్రేడు చెప్పిందో అదే పోయండి. మాన్యువల్‌లో కష్టమైన వాడకానికి వేరే షెడ్యూలు ఉంటుంది, దుమ్మూ నీళ్లూ ఉన్న దారుల్లో తిరిగే బండికి వర్తించేది అదే.

నీళ్లలో తిరిగొచ్చాక క్రాసులకూ ప్రొపెల్లర్ షాఫ్టు స్లిప్ జాయింటుకూ గ్రీజు గన్ పెట్టండి. క్రాసుల దగ్గర పాత గ్రీజు, నీళ్లు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. దుమ్ము దారి తర్వాత ఎయిర్ ఫిల్టరు చూడండి. దాన్ని గాలితో శుభ్రం చేస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో. పదేపదే ఊదడం కంటే మార్చడం మంచిది, చిరిగిన కాగితం గుండా పోయే దుమ్ము పిస్టన్ రింగులను ఉప్పుకాగితంలా గీస్తుంది. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పెద్ద టైర్లతో బరువెక్కిన బండి పొడవాటి దిగుడులో బ్రేకులను ఎంత వేడెక్కిస్తుందో ఆలోచిస్తే రెండేళ్లకోసారి మార్చడం ఎక్కువేం కాదు.

కింద దూరే ముందు

జాకీ బండిని ఎత్తుతుంది, నిలబెట్టే పని స్టాండ్లది. ఇది అందరికీ తెలుసు. కానీ కొన్ని బండ్లలో, పాత ల్యాండ్ రోవర్లలో ఉన్నట్టు, హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టును పట్టుకుంటుంది. అలాంటి బండిలో ఒక వెనక చక్రం పైకి లేపితే డిఫరెన్షియల్ వల్ల అది ఒకవైపు, నేలమీది చక్రం ఇంకోవైపు తిరగగలవు. షాఫ్టు కదలకుండానే బండి దొర్లుతుంది. గేరులో పెట్టినా ఇంతే. నేలమీదున్న చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టకుండా జాకీ కొట్టొద్దు.

చక్రం గాల్లో ఉన్నప్పుడే తనిఖీ చేసేయండి. పైనా కిందా పట్టి ఊపితే లూజు తెలిస్తే బేరింగో బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టి ఊపితే లూజు ఉంటే ఎక్కువగా టై రాడ్ ఎండ్. సాలిడ్ యాక్సిల్ బండి ఒక గుంత తగలగానే స్టీరింగు చేతిలో నిలవకుండా ఊగిపోవడం మొదలైతే ప్యానార్డ్ రాడ్ బోల్టు రంధ్రాలు, బుష్‌లు ముందు చూడాలి. స్టీరింగ్ డ్యాంపర్ మార్చితే ఊపు కొన్నాళ్లు అణుగుతుంది, లోపల అరుగుదల అలాగే ఉంటుంది.

బరువు, కరెంటు, లాగడం

స్టీలు బంపరు, వించ్ (బండిని తాడుతో లాగే మోటారు డ్రమ్ము), పైన క్యారియర్, పెద్ద స్టెప్నీ, అదనపు ఇంధనం డబ్బాలు, ఒక్కోటి విడిగా చూస్తే తక్కువే. కలిపి మాన్యువల్‌లోని గరిష్ఠ బరువుతో పోల్చి చూడండి, మనుషులు ఎక్కకముందే హద్దు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. చిన్న బండ్లలో ఇది మరీ తొందరగా వస్తుంది. పైకప్పు మీద బరువు అన్నిటికంటే చెడ్డది, పక్కవాలులో బండి పొర్లే కోణాన్ని అదే తగ్గిస్తుంది.

కరెంటు పనిలో ఒకే లెక్క గుర్తుంచుకుంటే చాలు: వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 120 వాట్ల లైటు బారు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. దానికి రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపేది) కావాలి, తగిన మందం వైరు కావాలి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుని ఛాసిస్‌కు తగిలినప్పుడు ఆ ఫ్యూజు ఎగరదు, వైరు తగలబడుతుంది.

వించ్ సామర్థ్యం నిండు బండి బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు, రెండు టన్నుల బండికి మూడు టన్నులు. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి వరస తాడుకే వర్తిస్తుంది. వరసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, అందుకే దూరపు చెట్టుకు కట్టడం మేలు. చెట్టు బెరడు చుట్టూ వెడల్పు పట్టీ తప్పనిసరి. పూర్తి భారంలో వించ్ 400 ఆంపియర్లు దాటి లాగగలదు, పాత బ్యాటరీతో ఆశ పెట్టుకోకండి. సాగే తాడుతో ఇంకో బండి లాగేటప్పుడు ట్రైలర్ తగిలించే బంతికి తాడు ఎప్పుడూ కట్టొద్దు. ఆ బంతి విరిగి, సాగిన తాడు బలంతో గుండులా ఎగిరి, మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. ఛాసిస్‌కు బిగించిన, బరువు అంకె వేసి ఉన్న కొక్కేలకే కట్టాలి, చుట్టుపక్కలవాళ్లను దూరం పంపాలి.

ఇంట్లో చేయకూడనివి నా దృష్టిలో కొన్నే: ఛాసిస్ వెల్డింగు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు, క్రౌన్ పినియన్. క్రౌన్ పినియన్ పళ్ల మధ్య ఖాళీని మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన డయల్ గేజీతో కొలిచి, రంగు పూసి పళ్ల ముద్ర చూసి, షిమ్ములు (పల్చటి రేకులు) మార్చి మళ్లీ కొలవాలి. ముందూ వెనకా రెండు యాక్సిళ్లకూ ఒకే నిష్పత్తి వేయించాలి, లేదంటే ఫోర్ వీల్ పెట్టగానే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బండి ఇంటికొచ్చాక మొదటి ప్రయాణాలు నెమ్మదిగా, ఇరవై నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనిస్తూ చేయండి. సుమారు 800 కిలోమీటర్లకు ఆయిల్ మీరే మార్చండి. అందులో మెరుపు పొడి కనిపిస్తుంది, కంగారు పడొద్దు, కొత్త పళ్లు ఒకదానికొకటి ఒదుగుతున్నాయి. తర్వాతిసారి మార్చినప్పుడు కూడా అంతే పొడి వస్తే, లేదా యాక్సెలరేటర్ వదిలినప్పుడు వెనక నుంచి సన్నని ఊళ వినిపిస్తే, ఆలస్యం చేయకుండా సెట్ చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి మళ్లీ గేజీ పెట్టించండి.